సావిత్రి – ఒక పేరు చరిత్ర

క్రిందటి సంవత్సరం డిగ్రీ రెండవ సంవత్సరం తరగతిలో వ్యాకరణం చెబుతున్నాను. తద్ధిత ప్రత్యయాల పాఠం. ఒక విద్యార్థిని లేచి, నేను చెప్పిన వ్యుత్పత్తి ఒకటి తనకు పొసగటం లేదంది. సమాధానం చెప్పాను. కూర్చోలేదు, మరో ప్రశ్న వేసింది. దానికీ చెప్పాను. మూడోది వేసింది. గంట కొట్టే వేళయింది, పాఠం సగంలో ఉంది. విసుగును నవ్వులో దాచుకుని, “నీకు సరైన పేరే పెట్టారమ్మా, యముడి వెంట పడ్డట్టు పడుతున్నావు” అన్నాను. ఆ అమ్మాయి పేరు సావిత్రి. తరగతంతా గొల్లుమంది. ఆమె కూర్చుంది. ఆ తర్వాత నెల రోజులు నా తరగతిలో నోరు విప్పలేదు. హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీల మీంచి “సతీ సావిత్రి” అన్న గుసగుస మాత్రం నాకు వినబడుతూనే ఉంది.

నెల తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది: “సార్, ఇంట్లో నేను చదువుకుంటానని పట్టుబడితే, ‘సావిత్రి అని పేరు పెట్టుకుని ఎదురు మాట్లాడతావేమే’ అంటున్నారు. మీరేమో ఎదురు మాట్లాడినందుకు సావిత్రినన్నారు. రెంటిలో ఏది నిజం?”

ఇంట్లో అప్పటికే ఆమెకు సంబంధం చూస్తున్నారట. పరీక్షలకు ముందే ముహూర్తం పెట్టాలన్న ఆలోచనా ఉందట. “సరదాకి అన్నానులేమ్మా” అని తప్పించుకున్నాను. అది సమాధానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివి, పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఒక పేరు అర్థం అడిగితే నిజాయితీగా నాలుగు మాటలు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవటానికి చేస్తున్న ప్రయత్నం.

పేర్ల గురించి రాయటం పొద్దుపోని వ్యవహారమని కొందరు మిత్రులు అనుకోవచ్చు. పేరుకీ స్వభావానికీ ముడిపెట్టే పుస్తకాలు బజారులో కొల్లలుగా ఉన్న మాట నిజమే. శతభిషా నక్షత్రం రెండవ పాదంలో పుట్టిన బిడ్డకు “సా” అనే అక్షరంతో పేరు పెట్టాలంటారు. ఆ లెక్కన సావిత్రి అని పెడతారు. ఆ పేరుగల స్త్రీకి ఓర్పు, శాంతం, పతిభక్తి సహజగుణాలని కూడా చెబుతారు. నక్షత్రం గుణాన్ని ఇవ్వదు, అక్షరమూ ఇవ్వదు. కాని అంతటితో తోసిపారేస్తే పని పూర్తయినట్టు కాదు. పేరుకు గుణం లేకపోయినా, పేరు పెట్టేవాళ్ళకు కోరిక ఉంటుంది. ఆడపిల్ల ఎలా ఉండాలని సమాజం కోరుతుందో ఆమె పేరులో దాచిపెడుతుంది. కాలం మారినకొద్దీ ఆ కోరిక మారుతుంది. కనుక ఒక పేరు చరిత్రను తవ్వితే, ఆ పేరు మోసిన స్త్రీల నుంచి సమాజం ఏమి అడిగిందో బయటపడుతుంది.

ముందు మాట పుట్టుక చూద్దాం. “సూ” అనే ధాతువుకు ప్రేరేపించటం, పురికొల్పటం అని అర్థం. ప్రేరేపించేవాడు సవిత. వేదకాలపు జనులు సూర్యునిలోని చోదకశక్తిని ఆ పేరుతో కొలిచారు. పొద్దున్నే ప్రాణులను నిద్రలేపి పనికి పంపేవాడూ, సాయంకాలం తిరిగి విశ్రాంతికి చేర్చేవాడూ ఆయనే. సవితకు సంబంధించినది సావిత్రం, స్త్రీలింగంలో సావిత్రి. సవితను స్తుతించే ఋక్కు గనుక, ఋగ్వేదం మూడవ మండలంలోని విశ్వామిత్రుని ప్రసిద్ధ మంత్రానికి సావిత్రి అని పేరు వచ్చింది. ఆ మంత్రాన్ని మనం దాని ఛందస్సు పేరుతో గాయత్రి అని పిలవటానికి అలవాటుపడ్డాం. గాయత్రి అన్నది 24 అక్షరాల ఛందస్సు పేరు. సావిత్రి అన్నది ఆ ఋక్కు పేరు.

ఇదే మాట ఒక స్త్రీని కూడా చెబుతుంది: సవిత కూతురు సావిత్రి. ఋగ్వేదం పదవ మండలంలోని వివాహసూక్తానికి ఋషి సూర్యా సావిత్రి అని సంప్రదాయం చెబుతుంది. అంటే ఈ పేరు ధరించినవాళ్ళలో మనకు తెలిసిన మొట్టమొదటి ఆమె మంత్రం విని తలవంచిన మనిషి కాదు, మంత్రం చెప్పిన మనిషి. తన పెళ్ళి గురించిన సూక్తాన్ని తానే పలికిన మనిషి.

ప్రాచీన సాహిత్యంలో స్త్రీల పేర్లు చాలావరకు ఇలాంటి తద్ధితాలే. జనకుని కూతురు జానకి, ద్రుపదుని కూతురు ద్రౌపది, గాంధారదేశపు పిల్ల గాంధారి, కేకయదేశపు పిల్ల కైకేయి. ఫలానావారి పిల్ల, ఫలానాచోటి పిల్ల – ఇదే ఆ పేర్ల అర్థం. మగవాడికి స్వంత పేరు, ఆడదానికి తండ్రి పేరు మీద ప్రత్యయం. పితృస్వామ్యం వ్యాకరణంలో కూడా తన ముద్ర వేసిందన్న మాట. సావిత్రి అనే పేరు కట్టడి కూడా అదే. అయితే దీనిలో మరొకటి కలిసింది. ఇది తండ్రి పేరూ, ఒక మంత్రం పేరూ కూడా. ఈ పేరు విషాదమంతా ఆ రెండవ అర్థంలోనే ఉంది.

ఎందుకంటే ఆ మంత్రం క్రమంగా ఒక సరిహద్దు రాయిగా మారింది. మనుస్మృతి రెండవ అధ్యాయం ఈ విషయం స్పష్టంగా చెబుతుంది. బ్రాహ్మణుడికి 16, క్షత్రియుడికి 22, వైశ్యుడికి 24 ఏళ్ళ వరకు సావిత్రీ ఉపదేశానికి గడువుంది. అది దాటితే వాడు సావిత్రి నుంచి పతితుడు, వ్రాత్యుడు. శూద్రుడి ప్రసక్తే లేదు. గౌతమ ధర్మసూత్రం మరికొంత ముందుకు పోయి, వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగిన లోహం పోయమంది. ఇక స్త్రీకి పెళ్ళే ఉపనయనమనీ, భర్త సేవే గురుకులవాసమనీ, ఇంటిపనే అగ్నికార్యమనీ మనువు తీర్పు చెప్పాడు. వంటింటి పొయ్యినే ఆమెకు హోమగుండం చేశాడు.

అదే అధ్యాయంలో పేర్లు పెట్టే విధానం కూడా ఉంది. బ్రాహ్మణుని పేరు మంగళాన్నీ, క్షత్రియుని పేరు బలాన్నీ, వైశ్యుని పేరు ధనాన్నీ, శూద్రుని పేరు హీనత్వాన్నీ సూచించాలి. ఆడపిల్ల పేరు సుఖంగా పలకటానికి వీలై, క్రూరం కాకుండా, అర్థం తేటగా, మనోహరంగా, మంగళకరంగా, దీర్ఘాక్షరంతో ముగుస్తూ, దీవెనలా ఉండాలి. సంస్కృతంలో “సావిత్రీ” అని దీర్ఘాంతంగా పలికే ఈ పేరు ఆ కొలతలకు చక్కగా సరిపోతుంది. ఇప్పుడు రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆడపిల్లకు మంత్రం పేరు పెట్టవచ్చు. ఆడపిల్ల మంత్రం పలకకూడదు. తల్లీ తండ్రీ వంద మార్లు ఆమెను ఆ పేరుతో పిలుస్తారు. ఆ పేరుగల ఋక్కు తమ్ముడికి ఉపదేశిస్తుంటే ఆమె లోపల పీటలు సర్దుతూ ఉండాలి. పేరు ఇచ్చి ఆ పేరులోని విద్యను లాక్కోవటం – మన సంస్కృతిలో స్త్రీకి జరిగిన గౌరవమంతా దాదాపు ఈ పద్ధతిలోనే జరిగింది.

ఇక కథకు వద్దాం. సావిత్రి కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. తెలుగులో ఇది నన్నయ విడిచిన భాగంలో పడింది; పద్నాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన దాన్ని మనకిచ్చాడు. కథ ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారన్నది కూడా గమనించాలి. అడవిలో సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోయిన అవమానం జరిగిన తర్వాత ధర్మరాజు మార్కండేయుణ్ణి అడుగుతాడు: ఈమె వంటి పతివ్రత మరొకతె ఎక్కడైనా ఉందా అని. దానికి జవాబుగా వచ్చింది ఈ కథ. అంటే కథ మొదలుకాకముందే దాని మీద ఒక చీటీ అంటించి ఉంది – పతివ్రత కథ అని. తర్వాతి తరాలవారు చాలామంది ఆ చీటీ చదివి ఊరుకున్నారు; పెట్టె తెరిచి చూడలేదు.

తెరిచి చూస్తే కనబడే మనిషి వేరు. మద్రదేశపు రాజు అశ్వపతి సంతానం కోసం సావిత్రీ మంత్రంతో లక్ష ఆహుతులు, పద్దెనిమిదేళ్ళపాటు వేల్చాడు. ఆ దేవత ఇచ్చిన బిడ్డ గనుక సావిత్రి అని పేరు పెట్టారు. ఆమె ఎదిగింది. ఆమె తేజస్సు చూసి జంకి ఏ రాజకుమారుడూ ఆమెను అడగటానికి రాలేదు. అప్పుడు తండ్రి, నీ వరుణ్ణి నువ్వే వెతుక్కో అని రథమిచ్చి పంపాడు. ఆమె ముసలి మంత్రులను వెంటబెట్టుకుని వనాలూ ఆశ్రమాలూ తిరిగింది. రాజ్యం పోయి, కళ్ళు పోయి అడవి పట్టిన ద్యుమత్సేనుడి కొడుకు సత్యవంతుణ్ణి ఎంచుకుంది. అతడు చిన్నతనంలో మట్టితో గుర్రాలు చేసేవాడు, గుర్రాల బొమ్మలు గీసేవాడు, అందుకని చిత్రాశ్వుడన్న మారుపేరు కూడా ఉంది. ఏడాదికి అతడు చస్తాడని నారదుడు చెప్పాడు. మరొకణ్ణి చూసుకోమని తండ్రి చెప్పాడు. ఆమె వినలేదు. మా విద్యార్థిని ఇంట్లో వాళ్ళు మెచ్చే సావిత్రి ఈమేనా? దేవర్షి ముందు, కన్నతండ్రి ముందు, తన పెళ్ళి విషయంలో, ఎదురు మాట్లాడింది!

ఏడాది గడిచి ఆ రోజు రానే వచ్చింది. యముడు పాశం వేసి ప్రాణాన్ని లాక్కుని దక్షిణంగా నడిచాడు. ఆమె వెంట నడిచింది. వెనక్కు పొమ్మన్నాడు. ఇద్దరు ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహితులవుతారని పెద్దలంటారు గనుక, నీతో మాట్లాడే హక్కు నాకుంది అన్నది. పెళ్ళికూతురిని మగడికి కట్టేసిన ఏడడుగులను తీసి, మృత్యువుతో సమానంగా మాట్లాడటానికి ఆధారం చేసుకుంది! అక్కడినుంచి ధర్మం గురించి, సజ్జనుల గురించి, దయ గురించి వాదం సాగింది. యముడు మెచ్చి, సత్యవంతుడి ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమన్నాడు. మామగారికి చూపు కోరింది, పోయిన రాజ్యం కోరింది, తన తండ్రికి నూరుగురు కొడుకులను కోరింది. నాలుగో వరంగా సత్యవంతుని వల్ల తనకు నూరుగురు కొడుకులను కోరింది. యముడు ఇచ్చేశాడు. అయిదోసారి వరమిచ్చేటప్పుడు “ప్రాణం తప్ప” అన్న మాట వేయలేదు. ఆమె దాన్ని పట్టుకుంది. నాలుగో వరం నిలవాలంటే అయిదో వరంగా అతని ప్రాణం ఇవ్వక తప్పదని చూపించింది. ఏ న్యాయవాదీ ఇంతకంటె పకడ్బందీగా వాదించలేడు.

ఇందులో నాకు అన్నిటికంటె విలువైన చోటు ఒకటుంది. మొదటి వరం ఇచ్చేటప్పుడు యముడు దేనికి సంతోషించాడో వ్యాసుడు స్పష్టంగా చెప్పాడు. ఆమె మాట స్వరంతో, అక్షరంతో, వ్యంజనంతో, హేతువుతో కూడి ఉందట, అందుకు సంతోషించాడట. పాతివ్రత్యానికి అనలేదు, ఉపవాసానికి అనలేదు. ఉచ్చారణకూ తర్కానికీ అన్నాడు. స్వరం, అక్షరం, వ్యంజనం – ఇవి వేదం చదివేవాడి దగ్గర పరీక్షించే విషయాలు. హేతువు శాస్త్రజ్ఞుడి దగ్గర పరీక్షించే విషయం. ఏ స్త్రీకి సావిత్రీ మంత్రం పలికే నోరు లేదని స్మృతికారులు తీర్మానించారో, ఆ పేరుగల స్త్రీకి మృత్యుదేవత స్వయంగా ఉచ్చారణలోనూ తర్కంలోనూ ఉత్తీర్ణతా పత్రం ఇచ్చాడు.

అయితే ఇతిహాసంలోని సావిత్రిని తెచ్చి నేటి ఉద్యమాల వేదిక మీద కూర్చోబెట్టటం కూడా పొరపాటే అవుతుంది. ఆమె కోరిన వరాలు చూడండి. మామగారి రాజ్యం, తండ్రికి కొడుకులు, తనకు కొడుకులు. నూరుగురు కూతుళ్ళను ఎవరూ కోరలేదు. ఎంగెల్సు 1884లో కుటుంబం పుట్టుక గురించి రాసిన గ్రంథంలో, ఆస్తికి నిస్సందేహమైన వారసుణ్ణి కనటానికే ఏకపత్నీ వివాహం ఏర్పడిందని చూపాడు. సావిత్రి వరాల పట్టిక దానికి ఉదాహరణలా ఉంటుంది. భర్త పోతే స్త్రీకి సంఘంలో బతుకే లేదు గనుక ఆమె భర్త ప్రాణం కోసం అంతగా పెనుగులాడింది. ఆమె తెలివి స్వేచ్ఛగలదే, కాని ఆ తెలివి తిరిగిన ఆవరణ చిన్నది. అంత చిన్న ఆవరణలో అంత తెలివిని చూపిందనటమే చారిత్రక దృష్టి.

ఇక్కడ మరొక పోలిక చేయాలి. అదే భారతంలో మద్రదేశం నుంచి వచ్చిన మరొక రాచబిడ్డ ఉంది – మాద్రి. పాండురాజు చనిపోతే ఆమె చితి ఎక్కింది. ఒకే దేశపు ఇద్దరు స్త్రీలు. ఒకరు చచ్చిన భర్త వెంట తానూ చచ్చింది, మరొకరు చచ్చిన భర్తను మాటతో బతికించుకుంది. కర్ణపర్వంలో కర్ణుడు శల్యుణ్ణి తిడుతూ మద్రదేశపు స్త్రీలు సిగ్గులేనివాళ్ళని నోటికొచ్చినట్టు దూషిస్తాడు. ఆ దేశపు ఆడపిల్లే పతివ్రతలకు తలమానికమైంది! అంతకంటె చిత్రమైన విషయం, భర్తతో చావటాన్ని తిరస్కరించిన ఈ సావిత్రి పేరు ముందే మన భాష “సతి” అనే మాటను శాశ్వతంగా అతికించింది. 1829లో ప్రభుత్వం నిషేధించేదాకా ఏ మాట పేరుతో ఆడవాళ్ళను చితి మీదికి తోశారో, అదే మాట చితిని కాదన్న మనిషికి బిరుదయింది.

మాట పోయి మౌనం ఎలా మిగిలింది? దానికి వ్రతం ముఖ్యమైన సాధనం. భారతకథలో సావిత్రి మూడు రాత్రుల వ్రతం ఒకటి చేసిన మాట నిజమే. కాని యముణ్ణి గెలిచింది దానితో కాదు. తర్వాతి కాలంలో జ్యేష్ఠమాసంలో, ప్రాంతాన్ని బట్టి పూర్ణిమనాడో అమావాస్యనాడో, మర్రిచెట్టుకు దారం చుట్టి మొక్కే వట సావిత్రీ వ్రతం ఏర్పడింది. మర్రిచెట్టుకు దారం చుట్టే తంతు భారతకథలో లేదు. సావిత్రి రథం ఎక్కి దేశం తిరిగింది. వ్రతంలో స్త్రీ చెట్టు చుట్టూ తిరుగుతుంది. సావిత్రి వాదించింది, వ్రతంలో స్త్రీ ఉపవాసముంటుంది. సావిత్రి తనకు నచ్చినవాణ్ణి ఎంచుకుంది. వ్రతంలో స్త్రీ ఎవరో ఎంచిపెట్టిన మగణ్ణే జన్మజన్మలకూ కోరుకుంటుంది. ఆలోచించే స్త్రీ భూస్వామ్య కుటుంబానికి ఏడాది పొడుగునా ప్రమాదం. ఏడాదికొకసారి దారం చుట్టే స్త్రీ వల్ల ఏ ప్రమాదమూ లేదు. కథలోని ప్రాణం ఎవరికి అక్కరలేదో వారు దాన్ని వదిలేసి, కథ చుట్టూ దారం మిగిల్చారు.

తెలుగునాట ఆధునిక యుగం మొదలైనప్పుడు ఈ పేరు కోసం పెనుగులాట జరిగింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. పసితనంలోనే మెడలో తాళి పడి, ఊహ తెలియకముందే అది తెగిన పిల్లలు ఆనాడు ఎందరో. వాళ్ళ భర్తలను తీసుకుపోతున్నప్పుడు యముడితో వాదించటానికి వాళ్ళకు మాటలు కూడా సరిగా రావు. ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకంలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి ఒక స్త్రీల పత్రిక నడిపింది. దాని పేరు “సావిత్రి”. ఆమె స్త్రీవిద్యను కోరింది, వితంతు వివాహాన్ని వ్యతిరేకించింది. స్త్రీ చదవాలి, కాని చదివి పతివ్రతగానే ఉండాలి – ఆ కాలపు మధ్యతరగతి రాజీ ఇది. కాని ఒకటి మరవకూడదు. కలం పట్టి, పత్రిక నడిపి, పండితులతో తలపడిన స్త్రీ తన పత్రికకు ఆ పేరు ఎంచుకుంది. ఆమె సిద్ధాంతం వ్రతంలోని సావిత్రిది. ఆమె చేసిన పని ఇతిహాసంలోని సావిత్రిది.

తెలుగు టాకీల తొలి సంవత్సరాల్లోనే, 1933లో, సి. పుల్లయ్య దర్శకత్వంలో కలకత్తాలో “సావిత్రి” సినిమా తీశారు. నాటకాలవల్లా, సినిమాలవల్లా ఈ కథ అక్షరం రానివాళ్ళ ఇళ్ళకు కూడా చేరింది. కాని చేరింది చీటీయే. ఆఖరికి అది తిట్టుగా కూడా మారింది. ఒకామె నడవడి గురించి ఎత్తిపొడవదలిస్తే “పెద్ద సతీ సావిత్రి మరి” అంటారు. ఒక ఆదర్శం ఎవరికీ అందనంత ఎత్తున పెట్టబడినప్పుడు దానితో మిగిలేది ఎత్తిపొడుపే. పొగడ్తగా వాడినా, తిట్టుగా వాడినా, ఆ మాట ఆడదాని నోరు మూయటానికే పనికొస్తుంది. నా తరగతిలో జరిగిందీ అదే.

ఇంతవరకు ఈ పేరు రాజభవనాల్లోనూ అగ్రహారాల్లోనూ తిరిగింది. మంత్రం పేరు మంత్రం నిషేధించిన కులాల ఇళ్ళల్లోకి కూడా వెళ్ళింది. 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా ప్రాంతంలో, నాయగావ్ అనే ఊళ్ళో, ఒక మాలీల ఇంట పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెట్టారు. స్మృతుల లెక్కలో ఆమె రెండు విధాల అనర్హురాలు: శూద్ర, స్త్రీ. 1840లో, తొమ్మిదేళ్ళ వయసులో, జోతిరావు ఫూలేతో పెళ్ళయింది. అప్పటికి ఆమెకు చదువు రాదు. పెళ్ళి తర్వాత భర్తే అక్షరాలు దిద్దించాడు. పెళ్ళే స్త్రీకి ఉపనయనమన్న మనువు మాట ఒక్కసారి నిజమైంది – మనువు కలలో కూడా అనుకోని అర్థంలో! 1848లో పూనాలో వాళ్ళు బాలికల పాఠశాల తెరిచారు. ఆమె పాఠం చెప్పటానికి పోతుంటే దారిలో పేడ, మట్టి విసిరేవారు. ఒంటిమీది చీర పాడైతే బడిలో మార్చుకోవటానికి మరొక చీర వెంట తీసుకుపోయేది. మామగారు ఇంట్లోంచి పంపేశాడు. 1854లో ఆమె కవితల సంపుటి “కావ్యఫులే” వెలువడింది. 1863లో ఆ దంపతులు గర్భిణులైన వితంతువుల కోసం ఆశ్రయం ప్రారంభించారు.

1868లో నాయగావ్ నుంచి ఆమె భర్తకు రాసిన ఒక ఉత్తరంలో ఒక సంఘటన ఉంది. ఒక బ్రాహ్మణ యువకుడు, అంటరాని కులపు పిల్ల ప్రేమించుకున్నారు. ఆమె గర్భవతి అయింది. ఊరివాళ్ళు ఇద్దరినీ కొట్టి చంపటానికి వీధుల్లో ఈడ్చుకుపోతున్నారు. సావిత్రీబాయి అడ్డం పోయింది. చంపితే ప్రభుత్వ చట్టం మిమ్మల్ని ఏం చేస్తుందో తెలుసా అని వాదించి, బెదిరించి, ఆ ఇద్దరి ప్రాణాలూ కాపాడింది. ఇది చదివినప్పుడు నాకు అరణ్యపర్వమే కళ్ళకు కట్టింది. ప్రాణాలను లాక్కుపోతున్నవాళ్ళ దారికి అడ్డం నిలిచి, హేతువుతో మాట్లాడి, వాటిని వెనక్కు తెచ్చుకోవటం! అయితే ఈసారి ఆ ప్రాణం తన భర్తది కాదు. తనకు ఏమీ కాని ఇద్దరిది. యముడు దేవుడు కాడు, కులం.

1890 నవంబరులో జోతిరావు చనిపోయాడు. శవయాత్రలో ముందు నడిచి కుండ పట్టే పని మగవాళ్ళది. ఆ కుండ సావిత్రీబాయి పట్టింది. చితి ఎక్కనూ లేదు, చీకటిగదిలో కూర్చోనూ లేదు. భర్త 1873లో స్థాపించిన సత్యశోధక సమాజం పని చేసింది. 1897లో ప్లేగు వ్యాపించినప్పుడు రోగులకు సేవ చేస్తూ ఆ వ్యాధి సోకి, మార్చి 10న మరణించింది. భర్త ప్రాణం నిలిస్తేనే స్త్రీకి బతుకున్న ఇతిహాస కాలం నుంచి, భర్త పోయాక కూడా స్త్రీకి చేయవలసిన పని మిగిలి ఉన్న కాలానికి ఈ పేరు ప్రయాణించింది. 2014లో పూనా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. వేదం వినకూడదన్నవాళ్ళ పేరు మీద ఇప్పుడు పట్టాలిస్తున్నారు.

మన భాషలోనూ ఈ పేరు మోసినవాళ్ళు దాని అర్థాన్ని ఉన్నచోట ఉండనివ్వలేదు. తెలుగువారికి సావిత్రి అనగానే పురాణం కంటె ముందు గుర్తుకు వచ్చేది నటి సావిత్రి. 1955లో వచ్చిన “మిస్సమ్మ”లో ఆమె వేసిన పాత్ర, ఉద్యోగం కోసం ఒకరి భార్యగా నటించే చదువుకున్న యువతి. భార్యగా నటిస్తుంది గాని అణకువ నటించదు. ఇక 1980 దశకంలో “బందిపోట్లు” అనే కవిత రాసిన సావిత్రిని అభ్యుదయ సాహిత్య విద్యార్థులెవరూ మరచిపోలేరు. ఆడపిల్లకు పెళ్ళి ఏ విధంగా బెదిరింపు అవుతుందో, రక్షణ పేరుతో జరిగే దోపిడీ ఎటువంటిదో ఆ కవిత చెప్పింది. సతీ సావిత్రి అనే మాటలో ఏ వ్యవస్థ దాక్కుందో, ఆ వ్యవస్థను సావిత్రి అనే పేరుగల కవయిత్రే నిలదీసింది.

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు వస్తాను. ఇంట్లో వాళ్ళ సావిత్రి నిజమా, మాస్టారి సావిత్రి నిజమా? ఇద్దరం తప్పే. పేరు పెట్టుకున్నందుకు నోరు మూసుకోవాలన్నారు వాళ్ళు. ఆమె వాదన ఆమె బుద్ధిలోంచి వచ్చిందని ఒప్పుకోకుండా, దాన్ని పేరు ఖాతాలో వేశాను నేను. వాళ్ళు కోపంతో చేసిన పనే నేను నవ్వుతో చేశాను. పేరు ఎవరి స్వభావాన్నీ నిర్ణయించదు. ఒక పేరుకు మంత్రం, మాట, వ్రతం, తిట్టు, బడి – ఇన్ని అర్థాలు వచ్చాయంటే, ఒక్కొక్క కాలంలో ఆ పేరుగల స్త్రీలు చేసిన పనివల్లా, ఇతరులు వాళ్ళ చేత చేయించిన పనివల్లా వచ్చాయి. ఆ పేరుకు ఇక ముందు రాబోయే అర్థం కూడా ఏ నిఘంటువులోనూ రాసిపెట్టి లేదు.

ఈ మాటలు ఆమెకు చెప్పాను, ఆలస్యంగానైనా తరగతి ముందే చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. వెనక బెంచీలు ఆ రోజు నవ్వలేదు. సంబంధం వారికి ఇంట్లో ఇంకా మాట ఇవ్వలేదని, పరీక్షలయ్యేదాకా ఆగటానికి తండ్రి ఒప్పుకున్నాడని తర్వాత తెలిసింది. తల్లి మాత్రం ఒప్పుకోలేదట. ఆ వాదం ఇంకా నడుస్తోంది. ఎన్నో వరం దగ్గర ఉందో నాకు తెలియదు.

ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు నేను చెప్పిన వ్యుత్పత్తిని ఇంటికి వెళ్ళి మళ్ళీ చూసుకున్నాను. ఆమె మూడో ప్రశ్న సరైనదే.